చీటీ లేని సీసాలోని ఆమ్లం: పర్లాకిమిడి టైట్రేషన్ డైరీ

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో, ప్లస్ టూ సైన్సు చదువుతున్న తెలుగు పిల్లలకు సాయంకాలాలు ప్రయోగాలు చేయించే చిన్న గదిలో ఈ పని సాగింది. ఒక పాఠశాల స్టోరు గదిని ఖాళీ చేసినప్పుడు మాకు చేరిన సీసాలలో ఒకదాని చీటీని చెదలు తినేశాయి. లోపల 42.0 గ్రాముల తెల్లని స్ఫటికాలు ఉన్నాయి. వాటికి వాసన లేదు, నీటిలో తేలికగా కరుగుతున్నాయి, నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తున్నాయి. బ్యూరెట్టు (ద్రవాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం), త్రాసు, పెన్ను ఆకారపు పీహెచ్ మీటరు తప్ప మరేమీ లేనివారు ఇటువంటి సీసాకు నమ్మకంగా పేరు పెట్టగలరా అన్నదే ప్రశ్న. పెట్టగలరు. అయితే దారిలో ఒక తప్పు పేరు ఎంతో నమ్మదగినదిగా ఎదురవుతుంది కనుక, ఈ డైరీలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

పేరు తెలియని స్ఫటికాన్ని నాలుక మీద వేసుకుని పోల్చుకునే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. కింది జాబితాలో ఉన్న ఆక్సాలిక్ ఆమ్లం విషపదార్థం.

దశ 1: అనుమానితుల జాబితా

టైట్రేషన్ (సూచిక రంగు మారే వరకు ఆమ్లంలోకి క్షారాన్ని కొలిచి వదలడం) మనకు ఇచ్చేది అణుభారం కాదు, తుల్యాంక భారం. అంటే ఒక మోల్ క్షారాన్ని తటస్థం చేయడానికి ఎన్ని గ్రాముల ఆమ్లం పట్టిందో మాత్రమే అది చెబుతుంది. జవాబు 64 అని వస్తే, ఆ ఆమ్లం ఒక హైడ్రోజన్ ఇచ్చే 64 కావచ్చు, రెండు ఇచ్చే 128 కావచ్చు, మూడు ఇచ్చే 192 కూడా కావచ్చు. బడి స్టోరులో సాధారణంగా ఉండే ఘన ఆమ్లాల తుల్యాంక భారాలను లెక్కగట్టి గోడ మీద అంటించాము:

- మలోనిక్: 52.03
- సక్సినిక్: 59.04
- ఆక్సాలిక్ (రెండు నీటి అణువులతో): 63.03
- సిట్రిక్ (నీరు లేనిది): 64.04
- మాలిక్: 67.04
- సిట్రిక్ (ఒక నీటి అణువుతో): 70.05
- టార్టారిక్: 75.04
- బెంజోయిక్: 122.12
- ఆస్కార్బిక్: 176.12

బెంజోయిక్ ఆమ్లం చన్నీటిలో దాదాపు కరగదు కాబట్టి దానిని అప్పుడే కొట్టివేశాము. చుట్టుపక్కల కొండల నుంచి సంతలకు చింతపండు విరివిగా వస్తుంది గనుక, అందులోని టార్టారిక్ ఆమ్లమే ఇది అని పిల్లల్లో చాలామంది పందెం కట్టారు. 63.03కూ 64.04కూ మధ్య తేడా 1.6 శాతమే అన్నది అందరూ గమనించవలసిన సంగతి. మన కొలతలోని పొరపాటు మొత్తం కలిపి 1 శాతం లోపు ఉండకపోతే ఈ పని మొదలుపెట్టడమే దండగ.

దశ 2: కొలిచే సాధనాలను కొలవడం

1. బ్యూరెట్టు 50 మి.లీ., గీతల మధ్య 0.1 మి.లీ. రెండు గీతల నడుమ సగం వరకు, అంటే 0.05 వరకు చదివాము.
2. బ్యూరెట్టు నుంచి 10 మి.లీ. చొప్పున స్వేదన జలం బీకరులోకి వదిలి తూచాము. 30 డిగ్రీల దగ్గర గాలిలో తూచిన 1 గ్రాము నీరు సుమారు 1.005 మి.లీ. అవుతుంది. మాకు 9.93 గ్రాములు వచ్చాయి, అంటే 9.98 మి.లీ. ఈ తేడాను భరించవచ్చు.
3. త్రాసు బంగారం పనివారు వాడే రకం, 0.001 గ్రాము వరకు చూపుతుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మూడు వైపులా అట్ట నిలబెట్టిన తరువాతనే దాని చివరి అంకె నిలకడగా నిలిచింది.
4. స్వేదన జలాన్ని పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చి, అందులో 4.2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు కరిగించి 1 లీటరు చేశాము. దీనిని ప్లాస్టిక్ సీసాలో ఉంచాలి, ఎందుకంటే గాజు బిరడా క్షారానికి పట్టేసుకుంటుంది.

బిళ్ళలు తూచే లోపలే గాలిలోని తేమను పీల్చి మెరవడం మొదలుపెడతాయి కాబట్టి, 4.2 గ్రాములన్న లెక్కను ఎక్కడా వాడకూడదు. ద్రావణం అసలు బలాన్ని మరొక ప్రామాణిక ఆమ్లంతోనే తేల్చాలి. ప్లస్ టూ ప్రాక్టికల్స్‌లో అందరూ చేసేటట్లే ఆక్సాలిక్ ఆమ్లంతో మొదలుపెట్టాము: 1.576 గ్రాములు 250 మి.లీ.లో కరిగించి, 20 మి.లీ. చొప్పున పిపెట్టుతో తీసి, ఫినాఫ్తలీన్ సూచికతో టైట్రేషన్ చేశాము. ప్రతిసారీ 21.2 మి.లీ. క్షారం పట్టింది. దాని ప్రకారం క్షారం బలం 0.0943 మోలార్, అంటే లీటరుకు 0.0943 మోల్‌లు.

అంకెలు ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. అయినా ఆ ఆక్సాలిక్ సీసా గోడలకు పట్టిన పిండి నన్ను నిలవనీయలేదు. నీటి అణువులతో కూడిన స్ఫటికం వేసవిలో రేకుల కప్పు కింద వేడెక్కితే పైపొర తన నీటిని వదిలి పిండిగా మారుతుంది. నీరు పోయిన ఆమ్లంలో గ్రాముకు ఆమ్లం ఎక్కువ ఉంటుంది కనుక అది క్షారాన్ని ఎక్కువ తాగుతుంది, అప్పుడు మన క్షారం ఉన్నదానికంటే పలుచనగా కనిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ ఒకే అంకె రావడం కొలిచే చేయి నిలకడగా ఉందని చెబుతుందే తప్ప, ప్రామాణికం సరైనదని చెప్పదు.

అందుచేత స్ఫటిక జలం లేని పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌కు మారాము. దాని అణుభారం 204.22, ఒకే ఒక హైడ్రోజన్ ఇస్తుంది. 110 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టి వాడాము.

- 0.511 గ్రా. → 25.50 మి.లీ. → 0.0981
- 0.498 గ్రా. → 24.85 మి.లీ. → 0.0981
- 0.523 గ్రా. → 26.05 మి.లీ. → 0.0983

సగటు 0.0982 మోలార్. ఆక్సాలిక్ ఇచ్చిన 0.0943తో పోలిస్తే తేడా 4 శాతం. అదే అంకెతో ముందుకు పోయి ఉంటే 64 కాస్తా 66 దాటి, జాబితాలో ఒక ఆమ్లం చోట మరొక ఆమ్లం వచ్చి కూర్చునేది. ఇంటి దగ్గర ఈ పని చేయదలచినవారు పాత ఆక్సాలిక్ సీసాను ప్రామాణికంగా నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ దశలోనే ఒక అమ్మాయి, "మాస్టారూ, వచ్చిన గులాబీ రంగు మళ్ళీ పోతోందండి, ఇంకో చుక్క వెయ్యమంటారా?" అని అడిగింది. వేయకూడదు. కుప్పెను తిప్పుతున్నప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆ లేత రంగును హరిస్తుంది. రంగు 30 సెకండ్లు నిలిస్తే అదే అంత్యబిందువు, ఆ తరువాత అది పోయినా పట్టించుకోనక్కరలేదు.

ఇప్పటివరకు లెక్క: క్షారం 1000 మి.లీ.లో బ్యూరెట్టు కడిగినదానితో కలిపి సుమారు 160 ఖర్చు, 840 నిల్వ. నమూనా 42.0 గ్రా. చెక్కుచెదరలేదు.

దశ 3: ఆరబెట్టని నమూనా, నమ్మదగిన తప్పు జవాబు

1. సీసా పైభాగం నుంచి పిండిలాంటిది, నడుమ నుంచి కొంత, అడుగు నుంచి పెద్ద స్ఫటికాలు విడివిడిగా తీశాము.
2. ఒక్కొక్కదానిని సుమారు 0.2 గ్రా. తూచి, శాంకవ కుప్పెలో 50 మి.లీ. మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించాము.
3. రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి టైట్రేషన్ చేశాము. కింది వరుసల్లో చివరి అంకె తుల్యాంక భారం.

- పైన: 0.198 గ్రా. → 30.85 మి.లీ. → 65.4
- నడుమ: 0.205 గ్రా. → 31.00 మి.లీ. → 67.3
- అడుగున: 0.211 గ్రా. → 30.90 మి.లీ. → 69.5

పై నుంచి అడుగు వరకు 6 శాతం తేడా ఉంది. ఇదే బ్యూరెట్టు, ఇవే చేతులు థాలేట్‌తో 0.2 శాతం లోపు ఏకీభవించాయి కనుక ఈ తేడా కొలతది కాదు, సీసాలోని పదార్థానిదే. ఆ మాట పుస్తకంలో రాసుకుని, సీసా అంతటి నుంచి 10.0 గ్రా. ఏరి, కల్వంలో మెత్తగా నూరి, బాగా కలిపి మళ్ళీ చేశాము.

- 0.204 గ్రా. → 30.90 మి.లీ. → 67.2
- 0.201 గ్రా. → 30.45 మి.లీ. → 67.2

గోడ మీది జాబితాలో మాలిక్ ఆమ్లం 67.04. తేడా 0.3 శాతం కూడా లేదు. 0.2 గ్రాములు తూచినప్పుడు త్రాసు చివరి అంకె ఒకటి మారినా 0.5 శాతం పోతుంది గనుక, ఇంతకంటే దగ్గరి పొంతనను మా సాధనాల నుంచి ఆశించలేము. పిల్లలు మాలిక్ అని రాసి గీత గీసేశారు. ఆ గీతను చెరిపించాను. నూరి కలపడం వల్ల తేడాలు కనుమరుగయ్యాయే గాని, వాటి కారణం పోలేదు. మాలిక్ ఆమ్లం స్ఫటికంలో నీరు ఉండదు, అది పైన 65, అడుగున 69 చూపడానికి ఏ కారణమూ లేదు. ఒక సగటు జాబితాలోని అంకెతో కలిసినంత మాత్రాన అది ఆ పదార్థం అయిపోదు.

ఇప్పటివరకు లెక్క: క్షారం నిల్వ సుమారు 670 మి.లీ. సీసాలో 31.4 గ్రా., నూరిన పొడి 9.6 గ్రా.

దశ 4: ఆరబెట్టడం

పైన పిండి, అడుగున గట్టి స్ఫటికం, పైన తక్కువ తుల్యాంక భారం, అడుగున ఎక్కువ: ఇవన్నీ స్ఫటిక జలం సగం పోయిన పదార్థం లక్షణాలు. అది నిజమైతే నీటిని పూర్తిగా తీసివేశాక ఒకే అంకె రావాలి, ఆ అంకె జాబితాలోని నీరు లేని ఆమ్లాలలో ఒకదానిది కావాలి.

మొదట 2.000 గ్రా. పొడిని చిన్న ఎలక్ట్రిక్ ఓవెన్‌లో నేరుగా 105 డిగ్రీలకు పెట్టాము. అది ఆరలేదు సరికదా, తన నీటిలో తానే కరిగి, చల్లారాక గాజులాంటి ముద్దగా గిన్నెకు అతుక్కుంది. ఆ ముద్ద లోపల ఎంత నీరు చిక్కుకుందో చెప్పలేము కాబట్టి దానిని పారేశాము. నీరున్న స్ఫటికాన్ని ఒక్కసారిగా వేడి చేస్తే ఇదే జరుగుతుంది. నీటిని ముందు తక్కువ వేడి దగ్గర నెమ్మదిగా పోనిచ్చి, ఆ తరువాతనే వేడి పెంచాలి.

మార్చిన పద్ధతి:

1. రేకు డబ్బాలో 60 వాట్ల బల్బు, ఒక థర్మామీటరు, కింద నీలి సిలికా జెల్. మూత సందు సవరిస్తూ 48 నుంచి 52 డిగ్రీల మధ్య నిలిపాము.
2. 5.000 గ్రా. పొడిని వాచ్ గ్లాసు మీద పలుచగా పరిచి రాత్రంతా ఉంచాము.
3. తరువాత ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద ఉంచుతూ, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో చల్లార్చి, బరువు మారనంత వరకు తూచాము.

బరువులు వరుసగా: 5.000, 4.842, 4.781, 4.768, 4.768. మొత్తం తరుగు 0.232 గ్రా., అంటే 4.64 శాతం.

వానాకాలం కావడంతో గది గాలిలో తేమ ఎక్కువగా ఉంది. చల్లార్చే డబ్బా మూత తెరిచి తూచే నిమిషంలోనే చివరి అంకె పెరగడం కనిపించింది. అందుచేత ప్రతిసారీ మూత ఉన్న తూనిక సీసాలోనే తూచాము.

తూనికలో పొరపాటును తగ్గించడానికి ఇక్కడ మరొక మార్పు చేశాము. 0.2 గ్రా. విడివిడిగా తూచడం మాని, 1.602 గ్రా. ఒకేసారి తూచి 250 మి.లీ. ద్రావణం చేసి, 25 మి.లీ. చొప్పున తీసుకున్నాము. త్రాసు చివరి అంకె తేడా ఇప్పుడు 0.06 శాతమే అవుతుంది.

- 25.45, 25.40, 25.45 మి.లీ. → సగటు 25.43 → తుల్యాంక భారం 64.1

ఇది సరైనదేనా అని చూడటానికి ఈ చివరి టైట్రేషన్‌తో సంబంధం లేని దారి ఒకటి ఉంది. ఆరబెట్టక ముందు 67.2 ఉన్నది 4.64 శాతం నీరు కోల్పోతే 67.2 × 0.9536 = 64.1 కావాలి. త్రాసు చూపిన తరుగు నుంచి లెక్కగట్టిన అంకె, బ్యూరెట్టు మళ్ళీ చెప్పిన అంకె ఒకచోట కలిశాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నింటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చిన లెక్క ఇదే.

మాలిక్ ఆమ్లం ఆరబెట్టినా 67 దగ్గరే ఉండేది, కాబట్టి జాబితా నుంచి పోయింది. ఆక్సాలిక్ ఆమ్లం నీరంతా కోల్పోతే 63.03 నుంచి 45.02కు దిగిపోతుంది, కాబట్టి అదీ పోయింది. టార్టారిక్ మొదటి నుంచే దూరంగా ఉంది. నీరు లేని సిట్రిక్ ఆమ్లం 64.04 మిగిలింది. ఒక నీటి అణువుతో ఉన్న సిట్రిక్‌లో నీరు 8.57 శాతం. మా పొడిలో 4.64 మాత్రమే దొరికింది కనుక మిగిలినది సీసాలోనే ఎప్పుడో ఆవిరైపోయింది. అడుగున వచ్చిన 69.5 పూర్తి స్ఫటికపు 70.05కు దగ్గరగా ఉండటమూ, పైన వచ్చిన 65.4 నీరు లేనిదానికి దగ్గరగా ఉండటమూ ఇప్పుడు ఒకే మాట చెబుతున్నాయి.

ఇప్పటివరకు లెక్క: క్షారం నిల్వ సుమారు 585 మి.లీ. నూరిన పొడి 2.6 గ్రా., ఆరబెట్టినది 3.17 గ్రా.

దశ 5: మూడు హైడ్రోజన్‌లా, రెండా?

64.1 అన్నది 192 యొక్క మూడో వంతా, 128 యొక్క సగమా అన్న ప్రశ్నకు బ్యూరెట్టు జవాబు చెప్పదు. దానికి పీహెచ్ వక్రం, అంటే క్షారం కలిపేకొద్దీ పీహెచ్ ఎలా పెరుగుతుందో చూపే గీత, కావాలి. క్షారాన్ని మళ్ళీ థాలేట్‌తో సరిచూస్తే 0.0981 వచ్చింది, ఈ మార్పు చాలా చిన్నది.

పెన్ను మీటరు మొదట స్థిరపడలేదు. దాని గాజు బుడ్డి ఎండిపోయి ఉండటంతో, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణమైన బఫర్‌లో పెట్టినా అంకె నెమ్మదిగా జారుతూనే ఉంది. పీహెచ్ 4 బఫర్‌లో ఒక రాత్రి నానబెట్టిన తరువాత, 4.01, 6.86 బఫర్‌లతో సరిచేసి వాడాము. ప్రతి అంకెకు కనీసం 30 సెకండ్లు ఆగాలి.

మీటరు మీదనే భారం వేయకుండా, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును (అది సిట్రిక్ ఆమ్లమే) కూడా అదే బల్బు డబ్బాలో ఆరబెట్టి, పక్కనే రెండో బీకరులో అదే కొలతతో నడిపాము. మీటరులో ఏదైనా దోషం ఉంటే రెండింటికీ ఒకేలా తగులుతుంది.

1. రెండు బీకర్లలో 0.192 గ్రా. చొప్పున, 100 మి.లీ. నీటిలో.
2. అంత్యబిందువు అంచనా 30.5 మి.లీ. దానిలో ఆరో వంతు, సగం, ఆరింట ఐదు వంతుల దగ్గర పీహెచ్ చదివాము.

తెలియని ఆమ్లం, నిమ్మ ఉప్పు అన్న వరుసలో:

- 0 మి.లీ.: 2.6, 2.6
- 5.1 మి.లీ.: 3.2, 3.2
- 15.3 మి.లీ.: 4.5, 4.6
- 25.5 మి.లీ.: 5.9, 5.9
- 30.0 మి.లీ.: 7.2, 7.1
- 31.0 మి.లీ.: 10.4, 10.4

వక్రంలో మెట్లు కనిపించకపోవడం చూసి ఒకే హైడ్రోజన్ అనుకునే ప్రమాదం ఉంది. సిట్రిక్ ఆమ్లం మూడు పీకేఏలు (ఒక్కొక్క హైడ్రోజన్ సగం తటస్థమైన చోటి పీహెచ్ అంకెలు) 3.13, 4.76, 6.40. ఇవి ఒకదానికొకటి దగ్గరగా ఉండటం వల్ల మొదటి రెండు మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చివర ఒక్క దూకుడే మిగులుతుంది. ఒకే పీకేఏ ఉన్న ఆమ్లమైతే ఆరో వంతు నుంచి ఆరింట ఐదు వంతుల వరకు పీహెచ్ 1.4 మాత్రమే పెరుగుతుంది. ఇక్కడ 2.7 పెరిగింది.

అసలు తీర్పు చెప్పేది 25.5 మి.లీ. దగ్గరి అంకె. అక్కడ సిట్రిక్ ఆమ్లంలో మూడో హైడ్రోజన్ సగం తటస్థమై ఉంటుంది కనుక 6.40 రావాలి. ద్రావణంలో అయాన్ల రద్దీ వల్ల అది సుమారు 0.4 తగ్గి 6.0 దగ్గర ఉండటం సహజమే. మాలిక్ ఆమ్లమైతే రెండో పీకేఏ 5.11ను బట్టి అదే చోట 5.2 దగ్గర, టార్టారిక్ అయితే 4.4 దగ్గర ఉండేది. 0.1 తేడాతో చదివే చౌక మీటరు కూడా ఈ మూడింటినీ విడదీయగలదు.

ఇప్పటివరకు లెక్క: క్షారం నిల్వ సుమారు 480 మి.లీ. ఆరబెట్టిన నమూనా 2.98 గ్రా.

దశ 6: చివరి పరీక్ష

కాల్షియం సిట్రేట్‌కు ఒక అరుదైన గుణం ఉంది: అది చన్నీటిలో కంటే వేడినీటిలో తక్కువగా కరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లానికి కాల్షియంతో చల్లగా ఉన్నప్పుడే తెల్లని అవక్షేపం వస్తుంది, అది అసిటిక్ ఆమ్లంలో కరగదు.

సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసి కాల్షియం క్లోరైడ్ వేసినప్పుడు పరీక్ష నాళిక చల్లగానే కొంచెం మసకబారింది. ఆమ్లం వేయని నాళికలోనూ అదే మసక కనిపించింది. క్షారంలో చేరిన కార్బొనేటే దానికి కారణం. అందువల్ల తటస్థీకరణకు అమ్మోనియా ద్రావణం వాడాము, ఎక్కువైన అమ్మోనియాను వేడి చేసి పంపించి, చల్లార్చిన తరువాతే కాల్షియం క్లోరైడ్ వేశాము. ఖాళీ నాళిక ఈసారి తేటగా ఉంది. మా నమూనా కూడా చల్లగా తేటగానే ఉండి, మరిగించగానే తెల్లని అవక్షేపం ఇచ్చింది. నిమ్మ ఉప్పు నాళికలోనూ అదే జరిగింది. ఆక్సాలిక్ నాళిక మాత్రం కాల్షియం క్లోరైడ్ తగిలిన క్షణమే పాలలా మారింది.

సీసాకు అంటించిన కొత్త చీటీ: "సిట్రిక్ ఆమ్లం. స్ఫటిక జలం కొంత పోయింది, పైనా కిందా ఒకేలా లేదు. తూచి ప్రామాణిక ద్రావణం చేయడానికి పనికిరాదు. తినరాదు." లోపల 31.4 గ్రా. ఉంది. పిండి పట్టిన ఆక్సాలిక్ సీసా మీద కూడా ఇటువంటి హెచ్చరికే రాసి, క్షారాల అర నుంచి దూరంగా పెట్టాము. మిగిలిన క్షారం 480 మి.లీ. సీసా మీద 0.0981 అన్న అంకెను పెన్సిలుతో రాశాము. తరువాతి వాడకానికి ముందు థాలేట్‌తో మళ్ళీ సరిచూసి, ఆ అంకెను మార్చవలసి ఉంటుంది.